అమ్మ పిప్పి గోళ్లకు నెలకో వారం మాత్రలు రాశారు, మధ్యలో మూడు వారాలు ఆపమన్నారు. అలా ఆపితే మందు పనిచేస్తుందా?

హాలియా కాలువగట్టు:

అందరికీ నమస్కారం. మాది హాలియా దగ్గర, సాగర్ ఎడమ కాలువ కింద పల్లె. అమ్మ గోళ్ల గురించి అడుగుతున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి. వివరం లేకుండా అడిగితే ఎవరైనా ఏం చెప్పగలరు?

అమ్మకు 58 ఏళ్లు. వానాకాలం, యాసంగి రెండు పంటలకూ నాట్లకు పోతుంది. మా మడి అయిపోయాక బదులుకు వేరేవాళ్ల పొలాల్లోకి కూడా పోతుంది. పొద్దున దిగిందంటే సద్ది తినేదాకా కాళ్లు బురదలోనే, చేతులు నీళ్లలోనే. రెండు కాళ్ల బొటనవేళ్ల గోళ్లు పసుపుపచ్చగా మారి చాలా ఏళ్లయింది. ఇప్పుడు దళసరిగా పైకి లేచాయి, కింద తెల్లటి పొడి చేరుతోంది. నెయిల్ కట్టర్ నోరు పట్టదు. నాన్న గడ్డం గీసుకునే బ్లేడుతో చెక్కుకుంటుంది. అమ్మకు షుగర్ ఉంది, ఆ బ్లేడు చూస్తేనే నాకు భయం. కుడిచేతి మధ్యవేలు, ఉంగరపువేలు గోళ్లు కూడా పక్కల నుంచి పుచ్చుతున్నాయి. గోరు మొదట్లో వాపు వస్తుంది, తగ్గుతుంది, నాట్లు మొదలైతే మళ్లీ వస్తుంది.

ఊళ్లో ఎవర్ని అడిగినా "పిప్పి గోళ్లు, నీళ్లల్ల తిరిగేటోళ్లకు ఉండేదే, దానికేం మందు" అంటారు. అమ్మదీ అదే మాట. కానీ ఇంటికి చుట్టాలు వస్తే పళ్లెం తను అందించదు, చెల్లెతో పంపిస్తుంది. చేయి కొంగులో పెట్టుకుని నిలబడుతుంది. ఏమీ బాధ లేదంటుంది గానీ చూస్తున్న మాకు తెలియదా?

బతిమాలి నల్లగొండకు తీసుకుపోయాను. చర్మం డాక్టర్ చూసి ఫంగస్ అన్నారు. ఇట్రాకోనజోల్ 200 మిల్లీగ్రాములు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, 7 రోజులు. తర్వాత మూడు వారాలు ఏమీ లేదు. మళ్లీ నెల ఒక వారం, ఆపై నెల ఇంకో వారం. కాలి గోళ్లకు వారానికోసారి పూసే అమోరోల్ఫిన్ అనే రంగులేని పూత కూడా రాశారు. బయట జనం నిండిపోయి ఉన్నారు, నేను అడగాలనుకున్నవి అడగలేకపోయాను.

నాకున్న పెద్ద అనుమానం ఇది. మా చిన్నాయనకు టీబీ వస్తే ఒక్కరోజు మాత్ర మానినా ఆశా వర్కర్ ఇంటికి వచ్చేది. మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుందని గోడల మీద కూడా రాసి ఉండేది. మరి ఇక్కడ డాక్టరే మూడు వారాలు ఆపమంటున్నారు. ఆ మూడు వారాల్లో ఫంగస్ తిరిగి లేవదా?

రెండో సంగతి, అమ్మ వేసుకునే మాత్రలు. చీటీ ఎదురుగా పెట్టుకుని రాస్తున్నా: షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిపినది, బీపీకి ఆమ్లోడిపిన్, రాత్రి అటోర్వాస్టాటిన్, పొద్దున పరగడుపున గ్యాస్‌కు పాంటోప్రజోల్. చర్మం డాక్టర్ ఇవి అడగలేదు, నాకూ చెప్పే సందు దొరకలేదు.

మూడోది, గోరు తీసి పరీక్ష ఏమీ చేయలేదు. చూపుతోనే ఫంగస్ అని చెప్పేయవచ్చా?

మందు కొన్నాం గానీ ఇంకా మొదలుపెట్టలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

దేవరకొండ రైతు:

తమ్ముడూ, మా దగ్గర గోరుచుట్టుకు నిమ్మకాయకు బొక్క పెట్టి వేలికి తొడుగుతారు. పిప్పి గోళ్లకు గోరింటాకు రుబ్బి రోజు విడిచి రోజు పెడతారు. మా ఇంట్లో పెట్టాం, సలుపు తగ్గింది. ఈ మాత్రలు లివర్ పాడు చేస్తాయని విన్నాను. అంత వయసులో అవసరమా? ఆలోచించు.

మిర్యాలగూడ మెడికల్:

నేను ఫార్మసిస్టును, మిర్యాలగూడలో మందుల షాపు. అన్నా, నువ్వు ఇంకా మొదలుపెట్టకపోవడమే మంచిదైంది. ఆ చీటీలో ఉన్న నాలుగు మందుల్లో నాలుగింటికీ ఈ క్యాప్సూల్‌తో ఏదో ఒక లెక్క ఉంది.

ముందు గ్యాస్ మాత్ర. ఇట్రాకోనజోల్ క్యాప్సూల్ కరగాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ చేసే పనే ఆ ఆమ్లాన్ని తగ్గించడం. రెండూ కలిపి వేసుకుంటే క్యాప్సూల్ కడుపులోకి పోతుంది గానీ రక్తంలోకి చాలినంత ఎక్కదు. మూడు నెలలు డబ్బులు పెట్టి వాడినా గోరు అట్లనే ఉంటుంది, మందు మంచిది కాదని అనుకుంటారు. నా కౌంటర్ దగ్గర ఈ మాట ఎంతమందికి చెప్తానో లెక్కే లేదు. మన వైపు గ్యాస్ మాత్ర లేని చీటీ అరుదు కదా! ఆ వారం రోజులు పాంటోప్రజోల్ ఆపవచ్చేమో డాక్టర్నే అడుగు. యాంటాసిడ్ సిరప్ తాగే అలవాటుంటే క్యాప్సూల్ వేసుకున్న వెంటనే తాగొద్దు, రెండు గంటలైనా గడవాలి.

క్యాప్సూల్ ఎప్పుడూ కడుపునిండా తిన్న వెంటనే వేసుకోవాలి. చాయ్, రెండు బిస్కెట్లు తినడం అన్నట్టు కాదు. పొద్దున సద్దన్నమో, జొన్నరొట్టె కూరో తినాలి, రాత్రి అన్నం తిన్నాక వేసుకోవాలి. టెర్బినాఫిన్ అనే ఇంకో గోళ్ల మందుకు ఈ పట్టింపు లేదు, దీనికి ఉంది.

అటోర్వాస్టాటిన్ సంగతి. ఇట్రాకోనజోల్ లివర్‌లో ఒక ఎంజైమును అడ్డుకుంటుంది. అటోర్వాస్టాటిన్ కరిగిపోయేది ఆ ఎంజైము వల్లనే. అది అడ్డుపడితే కొలెస్ట్రాల్ మందు ఒంట్లో పేరుకుని కండరాల నొప్పులు, కండరం దెబ్బతినడం దాకా పోవచ్చు. సిమ్వాస్టాటిన్, లోవాస్టాటిన్ అయితే కలిపి అసలే వాడకూడదు. ఆమ్లోడిపిన్ కూడా అదే దారిలో కరిగేది కాబట్టి కాళ్ల వాపు పెరగవచ్చు, బీపీ ఎక్కువ పడిపోవచ్చు. షుగర్ మాత్రలు వాడేవాళ్లకు ఈ జాతి ఫంగస్ మందులతో షుగర్ బాగా పడిపోయిన సందర్భాలు ఉన్నాయని మందు పెట్టెలోని కాగితంలోనే హెచ్చరిక ఉంటుంది. గ్లిమెపిరైడ్ వేసుకునేవాళ్లకు చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే షుగర్ చూడాలి.

ఇంకొకటి. డబ్బా మీద అంకె చూసుకో. 100 మిల్లీగ్రాములవి ఇస్తే రోజుకు 4, వారానికి 28 అవుతాయి. 200వి అయితే రోజుకు 2, వారానికి 14. ఈ మధ్య 50, 65 అని రాసినవి, ఒంటికి ఎక్కువగా పట్టేలా తయారు చేసినవి వస్తున్నాయి. వాటి లెక్క వేరు. ఒకటి దొరకలేదని ఇంకొకటి "అదే మందు కదా" అని మార్చి తీసుకోవద్దు.

పాలమూరు ల్యాబ్:

మహబూబ్‌నగర్‌లో ల్యాబ్‌లో పనిచేస్తాను, మైక్రోబయాలజీ వైపు. మూడో ప్రశ్నకు నేను చెప్తాను, ఎందుకంటే రోజూ నా చేతి కింద జరిగే పని అది.

చూపుతో చెప్పేయడం కష్టం తమ్ముడూ. రంగు మారి, మందమై, చెదిరిన గోళ్లన్నీ ఫంగస్ కాదు. అలాంటి గోళ్లలో దాదాపు సగానికి కారణం వేరే ఉంటుంది. సోరియాసిస్ గోటికే వచ్చి ఒంటి మీద ఎక్కడా కనిపించకపోవచ్చు. బొటనవేలికి పదేపదే దెబ్బ తగిలినా, బిగుతు చెప్పులు ఒరుసుకున్నా గోరు దళసరి అవుతుంది. వాటికి నెలలకొద్దీ ఫంగస్ మందు మింగితే ఫలితం ఉండదు.

పరీక్ష పెద్దది కాదు. గోటి చివర ఊడిన ముక్కను కత్తిరించి పక్కన పెడతాం, అందులో సాధారణంగా చచ్చిన ఫంగసే ఉంటుంది. మంచి గోరు, చెడిన గోరు కలిసే చోట, గోరు కింద ఉండే పొడిని చిన్న బ్లేడుతో గీకి తీసుకుంటాం. అదే బతికున్న ఫంగస్ ఉండే చోటు. గాజు పలక మీద ఆ పొడి వేసి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తాం. గోరు గట్టిది కాబట్టి చర్మం పొట్టులా నిమిషాల్లో కరగదు, గంటలు ఉంచాలి, ఒక్కోసారి రాత్రంతా. తర్వాత మైక్రోస్కోప్ కింద పెడితే, ఫంగస్ ఉంటే సన్నటి దారాలు కొమ్మలు వేస్తూ కనిపిస్తాయి. వెదురు కణుపుల్లా మధ్యమధ్య అడ్డగోడలు ఉంటాయి. చేతి గోళ్లలో అయితే చాలాసార్లు గుండ్రటి కణాలు, వాటికి మొగ్గలు కనిపిస్తాయి. అది కాండిడా అనే ఇంకో జాతి ఫంగస్. మీ అమ్మగారి చేతివేళ్లకు గోరు మొదట్లో వాపు వచ్చి పోతోందన్నావు చూడు, నీళ్లలో పనిచేసేవాళ్లలో అది ఎక్కువగా కాండిడా దారి. కాళ్ల గోళ్లది వేరే జాతి కావచ్చు. ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు.

అదే పొడిని కల్చర్‌కు, అంటే ట్యూబులో ఫంగస్‌ను పెంచి చూడటానికి కూడా పెడతాం. కాండిడా రెండు మూడు రోజుల్లో మీగడ రంగులో లేస్తుంది. కాలి గోళ్లలో ఎక్కువగా ఉండే ట్రైకోఫైటాన్ రుబ్రమ్ మాత్రం నిదానం, మూడు నాలుగు వారాలు పడుతుంది. పైన దూదిలా తెల్లగా, ట్యూబు వెనక్కి తిప్పితే ఎర్ర ద్రాక్షరసం రంగు.

శాంపిల్ ఇచ్చే ముందు కొన్ని వారాలు ఆ గోటికి ఫంగస్ పూత, క్రీము ఏదీ పెట్టకూడదు. గోరింటాకు, నెయిల్ పాలిష్ కూడా వద్దు. దేవరకొండ అన్నా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, గోరింటాకు ఎర్రదనం కింద గోరు అసలు రంగు మాకు కనిపించదు. నిమ్మకాయ తొడిగితే సలుపు తగ్గినట్టు అనిపించవచ్చు గానీ ఆ రసం గోటి కింది పొరదాకా దిగదు.

ఒక్కసారి 'లేదు' అని రిపోర్ట్ వస్తే ఫంగస్ లేదని అర్థం కాదు. పొడి సరైన చోట తీయకపోతే దొరకదు. డాక్టర్‌కు అనుమానం బలంగా ఉంటే రెండోసారి తీస్తాం. గోటి ముక్కను బయాప్సీ ల్యాబ్‌కు పంపి రంగు వేసి చూసే పద్ధతి కూడా ఉంది, అందులో దొరికే అవకాశం ఎక్కువ.

హాలియా కాలువగట్టు:

మీరందరూ ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అమ్మకు చదివి వినిపించాను. పూత ఇంకా సీసా మూత తీయలేదు కాబట్టి శాంపిల్‌కు అడ్డేం లేదు. గ్యాస్ మాత్ర సంగతి వినగానే "అది లేకుంటే నాకు అన్నమే అరగదు" అంది, అది డాక్టర్‌తోనే తేల్చుకోవాలి. కానీ ఆ మూడు వారాల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

జడ్చర్ల టిఫిన్ సెంటర్:

తమ్ముడూ, నేను ఈ మందే వాడిన మనిషిని. జడ్చర్లలో మాది టిఫిన్ సెంటర్. తెల్లవారుజామున మినప్పప్పు కడగడం, పిండి రుబ్బడం, గిన్నెలు తోమడం, చేతులు ఆరే సమయం ఉండేది కాదు. ఎడమ చేతి మూడు గోళ్లు చెడ్డాయి. ప్లేటు పెట్టేటప్పుడు జనం నా వేళ్ల వైపు చూసేవాళ్లు. తినేవాళ్లకు అసహ్యం కలుగుతుందేమోనని నాకు ఎంత బాధగా ఉండేదో చెప్పలేను. మీ అమ్మ కొంగులో చేయి పెట్టుకుంటుందని చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకు పరీక్షలో కాండిడా అని వచ్చింది. చేతి గోళ్లు కాబట్టి రెండు నెలలు, నెలకో వారం రాశారు. కాళ్లకు మూడు నెలలు ఉంటుందని అప్పుడే చెప్పారు. మందుకు ముందు లివర్ రక్తపరీక్ష చేయించారు.

నీకు ఒక్క సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మీ అమ్మ మధ్యలోనే విసిగిపోతుంది. క్యాప్సూళ్లు అయిపోయిన రోజుకు నా గోళ్లు చూడ్డానికి ఏం మారలేదు. అంతే పసుపు, అంతే గరుకు. మా ఆయన "డబ్బులన్నీ పోయినయ్" అన్నాడు. నిజానికి మార్పు అడుగున, చర్మం మడత దగ్గర మొదలైంది. సన్నటి గులాబీ రంగు అంచు కనిపించింది, అది నెలనెలా ముందుకు జరిగింది. చెడిన గోరు బాగుపడదు, దాని వెనకాల మంచి గోరు వస్తుంది, పాతది కత్తిరించుకుంటూ పోవడమే. మా డాక్టర్ మొదటి రోజే మంచి గోరు, చెడ్డ గోరు కలిసే చోట చిన్న ఫైలుతో అడ్డంగా గీత పెట్టారు. ఆ గీత ముందుకు పోతుంటే దాని వెనక గోరు శుభ్రంగా ఉండాలి. చెడు ఆ గీత దాటి వెనక్కి వస్తోందంటే మందు పట్టలేదని. నువ్వు కూడా గీత పెట్టమని అడుగు. ఫోన్లో ఫొటో కూడా తీసి పెట్టుకో, నెలకోసారి పోల్చుకోవచ్చు.

చేతులకు నేను చేసింది: లోపల నూలు గ్లౌజు, పైన రబ్బరు గ్లౌజు. ఒట్టి రబ్బరుదైతే చెమటకు లోపలే తడి. నాట్లకు గ్లౌజులు పనికిరావు, నాకు తెలుసు, నారు పట్టు దొరకదు. కానీ ఇంట్లో అంట్లు, బట్టలు అయినా కొన్నాళ్లు చెల్లె చూసుకోవచ్చు కదా. గట్టుకు రాగానే మంచినీళ్లతో కడుక్కుని పొడిగుడ్డతో వేలువేలు తుడుచుకోవాలి. గోరు మొదట్లో ఉండే సన్నటి చర్మం పొరను ఎప్పుడూ కత్తిరించొద్దు, లోపలికి తడి పోకుండా ఆపేది అదే.

చర్మవైద్యుడు (నకిరేకల్ వాడిని):

మాది నకిరేకల్, ఇప్పుడు హైదరాబాద్‌లో చర్మవ్యాధుల వైద్యుడిగా పనిచేస్తున్నాను. చూడని మనిషికి చీటీ రాయను. కానీ మీరు మీ డాక్టర్‌ను ఏం అడగాలో చెప్పగలను, మీ టీబీ ప్రశ్నకు జవాబు కూడా చెప్పగలను. ఆ ప్రశ్న చాలా సరైనది.

టీబీ మందులు రక్తంలో ఉన్నంతసేపే పనిచేస్తాయి, ఆపితే ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతాయి. ఇట్రాకోనజోల్ తీరు వేరు. అది కొవ్వును, గోటిలోని కెరటిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని ఉండిపోయే మందు. గోరు పుట్టే వేరు దగ్గరి నుంచి, గోటి కింది పొర నుంచి కూడా గోరులోకి చేరుతుంది. మొదలుపెట్టిన వారం రెండు వారాల్లోనే గోరులో కనిపిస్తుంది. ఆపాక రక్తంలోంచి 7 నుంచి 14 రోజుల్లో దాదాపు పూర్తిగా పోతుంది. కాలి గోళ్లలో మాత్రం మూడు విడతలు అయిపోయాక కూడా 6 నుంచి 9 నెలల దాకా ఉంటుంది. అంటే మీరు ఆపిన మూడు వారాలు ఒంటికి విరామం, గోటికి కాదు. అక్కడ మందు ఉంది, ఫంగస్ దాన్ని తగులుకుంటూనే ఉంది. పైగా రోజూ మూడు నెలలు వేసుకునే దానికంటే మొత్తం మీద తక్కువ మందు పడుతుంది, లివర్‌కూ కొంత ఊపిరి దొరుకుతుంది. దీన్నే పల్స్ పద్ధతి అంటాం. కానీ ఆ వారంలో మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు, రెండో నెల మూడో నెల మరిచిపోకూడదు. క్యాలెండర్ మీద ముందే గీత పెట్టుకోండి.

ఇప్పుడు మీ అమ్మగారి విషయం. కాలి గోళ్లకు కారణం ట్రైకోఫైటాన్ జాతి అని తేలితే మేము సాధారణంగా ముందు చూసేది టెర్బినాఫిన్, 250 మిల్లీగ్రాములు రోజుకొకటి, 12 వారాలు. 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో యూరప్ నుంచి 496 మంది మీద ఒక అధ్యయనం వచ్చింది. కాలి గోళ్లకు రోజూ టెర్బినాఫిన్, నెలకో వారం ఇట్రాకోనజోల్, ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి 72వ వారంలో చూశారు. ఫంగస్ పోయినవాళ్లు 12 వారాల టెర్బినాఫిన్‌లో 75.7 శాతం, మూడు విడతల ఇట్రాకోనజోల్‌లో 38.3 శాతం. తేడా చిన్నది కాదు. పైగా మీ అమ్మగారి కొలెస్ట్రాల్, బీపీ మాత్రలతో టెర్బినాఫిన్‌కు ఇంత తగాదా ఉండదు. దానికీ లివర్ పరీక్ష కావాలి, కొందరికి నాలుకకు రుచి పోతుంది.

మరి మీ డాక్టర్ ఇట్రాకోనజోల్ ఎందుకు రాశారు? చేతి గోళ్లు చూసి కాండిడా అనుకుని ఉంటారు. కాండిడా మీద టెర్బినాఫిన్ బలం తక్కువ, ఇట్రాకోనజోల్ బాగా పనిచేస్తుంది. చేతులకూ కాళ్లకూ ఒకే మందుతో అయిపోవాలని చూసి ఉంటారు. అది తప్పు ఆలోచన కాదు. అందుకే ల్యాబ్ మిత్రుడు చెప్పిన పరీక్ష మీకు చాలా ముఖ్యం, మందు ఏదో తేల్చేది ఆ రిపోర్టే.

ఒక విషయం తప్పకుండా చెప్పండి: అమ్మగారికి ఎప్పుడైనా గుండె బలహీనపడిందని ఎవరైనా అన్నారా, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, కాళ్లు వాస్తాయా? ఇట్రాకోనజోల్ గుండె కొట్టుకునే బలాన్ని తగ్గించగలదు. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు, గతంలో వచ్చినవాళ్లకు గోళ్ల కోసం ఈ మందు ఇవ్వకూడదు. ఆమ్లోడిపిన్ కూడా కాళ్ల వాపు తెస్తుంది కాబట్టి ఆ వాపు దేనివల్లో ముందే తేల్చుకోవాలి. మందు వాడేటప్పుడు కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఆకలి చచ్చి వాంతులైనా, కొత్తగా ఆయాసం మొదలైనా ఆపేసి అదే రోజు వెళ్లాలి.

దేవరకొండ రైతు గారి లివర్ భయం ఉత్తది కాదు, ఆ ప్రమాదం అరుదైనా ఉంది. అందుకే రక్తపరీక్ష. కానీ షుగర్ ఉన్న మనిషి దళసరి గోటిని బ్లేడుతో చెక్కుకోవడం నన్ను ఎక్కువ భయపెడుతోంది. కాళ్లకు స్పర్శ తగ్గి ఉంటే తెగినా తెలియదు, ఆ బురదలో దిగితే పుండు పడుతుంది, కాలు వాచిపోయి ఆసుపత్రిలో పడుకోబెట్టాల్సి వస్తుంది. అందం కోసం కాదు, ఈ కాళ్ల కోసం వైద్యం చేయించాలి. బ్లేడు ఈ రోజే తీసి పారేయండి. 40 శాతం యూరియా క్రీము రాత్రి పూసి కట్టు కడితే గోరు మెత్తబడుతుంది, ఎవరైనా చూపున్నవాళ్లు ఫైలుతో అరగదీయాలి. కాలివేళ్ల సందుల్లో పాచి, పొట్టు ఉందేమో చూడండి. ఉంటే దానికీ ఫంగస్ క్రీము రాయించుకోవాలి, లేకపోతే అక్కడి నుంచి గోటికి మళ్లీ ఎక్కుతుంది. ఊళ్లలో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన మూడు మందుల క్రీములు మాత్రం దగ్గరికి రానివ్వకండి. వాటివల్ల మన దగ్గర తామరే మొండిగా తయారై కూర్చుంది.

దేవరకొండ రైతు:

సార్, ఆ బ్లేడు సంగతి నాకు తట్టలేదు. మా నాన్నకు కూడా షుగరే, ఆయనా అట్లనే చెక్కుకుంటాడు. ఇయ్యాల్నే ఆపిస్తా.

హాలియా కాలువగట్టు:

అందరికీ అప్‌డేట్. అదే డాక్టర్ దగ్గరికి ఈసారి మధ్యాహ్నం రద్దీ తగ్గాక పోయాను, మీరు రాసినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని. ఆయన ఏమీ అనుకోలేదు, కూర్చోబెట్టి మాట్లాడారు. చేయి, కాలు రెండు చోట్లా గోటి పొడి తీయించారు. చేతి గోటిలో కాండిడా, కాలి గోటిలో దారాలు కనిపించాయని వచ్చింది. కల్చర్‌లో కూడా అదే తేలింది. లివర్ పరీక్ష మంచిగా ఉంది. గుండెకు ఈసీజీ, ఎకో తీయించి ఏమీ లేదన్నారు.

చేతులకూ కలిపి ఇట్రాకోనజోల్‌తోనే పోదామన్నారు. కాళ్లకు ఫలితం సరిగ్గా కనిపించకపోతే తర్వాత టెర్బినాఫిన్ చూద్దామన్నారు. షుగర్ డాక్టర్‌కు చీటీ రాసిచ్చారు. ఆయన బీపీ మాత్ర వేరేది మార్చారు, కొలెస్ట్రాల్ మాత్ర మందు జరిగే నెలల్లో ఆపమన్నారు, ఆ వారాల్లో షుగర్ ఇంట్లోనే చూసుకోమన్నారు. గ్యాస్ మాత్ర ఆ వారం బంద్. దానికి బదులు రాత్రి కారం తగ్గించి తొందరగా తినమన్నారు. అమ్మ ఒప్పుకుంది, మొదటి వారం పూర్తయింది. పొద్దున జొన్నరొట్టె తిని వేసుకుంది, కడుపులో ఇబ్బందేమీ రాలేదు. ఫైలుతో గీత కూడా పెట్టించాను.

ఒకటే మిగిలింది. యాసంగి నాట్లు వస్తున్నాయి. అమ్మ ఆగదు. బదులుకు వచ్చినవాళ్లకు మళ్లీ పోకపోతే మాట పోతుందంటుంది. పోతే మందు వృథా అవుతుందా? ఇంకా, గోరు మొత్తం మంచిగా అయ్యేసరికి ఎన్నాళ్లు పడుతుంది?

చర్మవైద్యుడు (నకిరేకల్ వాడిని):

మందు వృథా కాదు. గోటిలో చేరిన మందు నీళ్లలో కడిగితే పోయేది కాదు. చేతివేళ్ల దగ్గర వాపు తిరగబెట్టే అవకాశం మాత్రం తడితో పెరుగుతుంది. వీలైతే ఈ పంటకు సగం పూటే దిగనివ్వండి. మిగతా సగం నువ్వో చెల్లెవో నారు మోసి బదులు తీర్చవచ్చు.

చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది, మొత్తం మారడానికి ఆరు నెలలు. కాలి బొటనవేలి గోరు నెలకు మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర, ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా పడుతుంది. వయసు, షుగర్ వల్ల ఇంకా నెమ్మదిగా ఉండవచ్చు.

జడ్చర్ల టిఫిన్ సెంటర్:

తమ్ముడూ, అమ్మకు వేరే నెయిల్ కట్టర్, వేరే తువాలు పెట్టు. పొలం చెప్పులు ఎండలో బోర్లా ఆరేయి. చేతివేళ్లు ముందు బాగవుతాయి కాబట్టి వాటి ఫొటో పెట్టు ఇక్కడ, చూడాలని ఉంది.